పన్ను మొలిచే చోట జన్యువు జాడ: సెక్షన్ ఇన్‌సిటునా, ల్యాక్‌జెడ్డా, సింగిల్ సెల్లా?

ఎలుక పిండం తల్లి కడుపులో ఉండేది 19, 20 రోజులే. 11.5వ రోజుకి దవడ పైపొర అక్కడక్కడ మందమవుతుంది, 13.5కి మొగ్గలా కిందికి దిగుతుంది, 14.5కి టోపీ ఆకారం, 16.5కి గంట ఆకారం వస్తాయి. ఇంత త్వరగా మారిపోయే చోట ఏ జన్యువు ఏ రోజు ఏ కణాల్లో పనిచేస్తోందో చూడాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు పాతదైన సెక్షన్ ఇన్‌సిటు హైబ్రిడైజేషన్‌కే, అంటే పిండాన్ని పల్చగా కోసి జన్యువు పనిచేస్తున్న కణాలకి అక్కడికక్కడే రంగు తెప్పించే పద్ధతికే.

బీఎంపీ4 అనే జన్యువు సంగతే చూడండి. 11.5 రోజుల పిండంలో అది పైపొరలో, అంటే ఎపిథీలియంలో కనిపిస్తుంది. రోజు తిరిగేసరికి కిందున్న మీసెంకైమ్ అనే వదులు కణజాలానికి మారిపోతుంది. పన్ను పుట్టించే పెత్తనం పైనుంచి కిందికి చేతులు మారేదీ దాదాపు అప్పుడే. దవడ ముక్కని మొత్తంగా నూరి, జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏని కొలిస్తే రెండు రోజులూ 'బీఎంపీ4 ఉంది' అనే జవాబొస్తుంది. అసలు విషయమంతా చోటు మారడంలో ఉంటే, నూరడంతోనే ఆ చోటు పోయింది.

సెక్షన్ ఇన్‌సిటులో ఏడెనిమిది మైక్రాన్ల మందాన కోసిన పారఫిన్ ముక్క మీద డిగాక్సిజెనిన్ అనే గుర్తు తగిలించిన ప్రోబ్ (ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏకే అతుక్కునే ముక్క) వేసి రాత్రంతా వేడిలో ఉంచుతారు. తర్వాత ఆ గుర్తుని పట్టుకునే యాంటీబాడీ, ఆపైన రంగు. 14.5వ రోజు టోపీ నడుమ ఎనామెల్ నాట్ అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు ప్రోబ్ వేస్తే ఆ ముద్ద ఒక్కటే ఊదారంగులో తేలుతుంది, పక్క కణాలు ఖాళీ. ఆ కణాలు తాము విభజన చెందవు, చుట్టూ ఉన్నవాటిని మాత్రం విభజన చెందమని తొందరపెడతాయి. ఇంత స్పష్టంగా హద్దు చూపించడం దీని సొత్తు.

కష్టాలూ ఉన్నాయి. గ్లౌజు లేని వేలు తగిలితే చాలు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. బలహీనమైన జన్యువుకి రంగు రావాలని ఎక్కువసేపు వదిలేస్తే బ్యాక్‌గ్రౌండ్ కూడా లేస్తుంది. రంగు రెండింతలు ముదిరిందంటే జన్యువు రెండింతలు పనిచేసిందని కాదు.

ల్యాక్‌జెడ్ ఎలుకలతో పని తేలిక. చూడాల్సిన జన్యువు పనిచేసే చోటల్లా ఒక ఎంజైమ్ తయారయ్యేలా వాటిని ముందే మార్చి ఉంచుతారు. పిండాన్ని ఆ ఎంజైమ్ నీలంగా మార్చే ఎక్స్‌గాల్‌లో వేస్తే తెల్లారేసరికి నీలం. కానీ జన్యువు ఆగిపోయాక కూడా ఆ ఎంజైమ్ కొంతకాలం మిగిలే ఉంటుంది. రోజులోనే బొమ్మ మారిపోయే పన్ను విషయంలో నిన్నటి నీలాన్ని ఇవాళ్టిదనుకునే ప్రమాదం ఉంది. వింట్ అనే, కణాల మధ్య సాగే సిగ్నల్ ఎక్కడ నడుస్తోందో ఒక్క చూపులో చూడాలంటే తప్ప నేను అటు వెళ్లను.

సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ వేల కణాల్లో వేల జన్యువుల్ని ఒకేసారి చదువుతుంది. ఎవరూ ఊహించని జన్యువు దొరికేది ఇక్కడే. అయితే కణాల్ని విడగొట్టాకే చదవాలి. ఎనామెల్ నాట్ అసలే చిన్నది, దాని కణాలు వలలో పడేది కొద్దిగానే. దొరికిన జన్యువు నిజంగా ఎక్కడుందో చూడటానికి చివరికి మళ్లీ ఇన్‌సిటు దగ్గరికే రావాలి.

నా ఓటుకీ ఒక మినహాయింపు ఉంది. సెక్షన్‌లో కనిపించేది ఒక్క అడ్డకోతే. 12.5వ రోజు కింది దవడలో కనిపించే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు మచ్చని చాలాకాలం మొదటి దవడ పన్నుదే అనుకున్నారు. అది ఎదగకుండా ఆగిపోయే, ఇంకాస్త ముందుండే, పరిణామంలో పోయిన పాత పన్ను మొగ్గదని 2010లో ప్రొహాజ్కా బృందం చూపించింది. ఇలా వరస పొడవునా చూడాల్సినప్పుడు ముక్కలు కోయకుండా హోల్‌మౌంట్ ఇన్‌సిటు చేయడమే మేలు.

డబ్బు పెట్టే ముందు జీన్‌పెయింట్ అనే ఇన్‌సిటు బొమ్మల వెబ్‌సైట్ తెరవండి, ఉచితం. అందులో ఎక్కువ బొమ్మలు 14.5వ రోజు పిండానివి, అంటే సరిగ్గా టోపీ దశ. కాకపోతే అది ఒక్క రోజు చిత్రం, బీఎంపీ4 చోటు మారడం అందులో కనబడదు.

ఏ పద్ధతైనా జన్యువు ఉందని చెబుతుందే కానీ అవసరమని చెప్పదు. దానికి ఆ జన్యువుని తీసేసిన నాకౌట్ ఎలుక కావాలి. ఎంఎస్‌ఎక్స్1 అనే జన్యువుని తీసేసిన ఎలుకల్లో దవడ పళ్లు మొగ్గ దగ్గరే ఆగిపోతాయని 1994లో తేలింది. ఆ పిండాల సెక్షన్ల మీద ఇన్‌సిటు చేస్తే మీసెంకైమ్‌లో బీఎంపీ4 బాగా తగ్గిపోయి కనిపించింది. బయటినుంచి బీఎంపీ4 అందిస్తే ఆగిన మొగ్గ టోపీ దశ దాకా నడిచిందని 1996లో చూపించారు.