పూతకాలంలో తప్ప బయటికి రాని మాక్రో లెన్సు

చిన్న చిన్న వస్తువులను బాగా దగ్గరినుంచి తీసే కెనాన్ 100 ఎంఎం ఎల్ మాక్రో లెన్సు 2018లో సెకండ్ హ్యాండులో కొన్నాను. ఈ మధ్య ఫొటోల తేదీలన్నీ తీసి లెక్కవేస్తే ఇన్నేళ్లలో దీన్ని వాడిన రోజులు యాభై దాటలేదు. అందులో సగానికి పైగా జనవరి, ఫిబ్రవరి నెలలవే. ఏడాదికి నాలుగు రోజులు వాడేదానికి అంత డబ్బు పెట్టొచ్చా అని తిరుపతిలో కెమెరా పట్టుకు తిరిగే మిత్రులు ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ల కోసమే ఇది.

ఈ లెన్సు మీద నాకున్న ప్రేమంతా ఒక్క గుణం వల్లే. ఉన్న వస్తువును ఉన్నంత సైజులో సెన్సరు మీదికి దింపుతుంది. నా కెమెరా సెన్సరు వెడల్పు 22 మిల్లీమీటర్ల చిల్లర. అంటే బొటనవేలి గోరుకంటే కాస్త పెద్ద జాగా ఫ్రేమంతా నిండిపోతుంది. దామలచెరువు దగ్గర మాకు చిన్న మామిడి తోపుంది, అన్నీ తోతాపురి చెట్లే. 2019 జనవరిలో పూత కాడలు ఇంకా విచ్చుకోకముందే కొసలు నల్లబడుతున్నాయి. ‘మంచు పడి మాడిపోతా ఉండాది’ అన్నాడు నాయన. ఊరికే ఒక కాడను ఫొటో తీసి రాత్రి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూశాను.

మొగ్గల సందుల్లో పిల్ల పురుగులు! ఆవగింజలో సగం కూడా లేవు. తల వెడల్పు, తోకవైపు సన్నం, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు. కాడకు మూతి ఆనించి వరసగా కూర్చున్నాయి. పక్కనే జిగట చుక్క ఒకటి మెరుస్తోంది. తేనెమంచు పురుగు పిల్లలవి. చెట్టు కిందికి పోతే చిటచిటమని ఎగిరే పెద్ద పురుగులు నాయనకు కొత్తేమీ కాదు, అవి కార్చే జిగట మీద ఆకులకు మసి పడుతుందనీ తెలుసు. కాడలో ఒదిగిన ఈ పిల్లల్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ‘ఇన్నేండ్లు తోపులోనే ఉండి ఈటి మొగం చూళ్లేదు రా’ అన్నాడు. ఆ ఏడు మసి పడేదాకా ఆగకుండా, పూలు విచ్చుకోకముందే మందు కొట్టించాడు. విచ్చుకున్నాక కొడితే ఈగలు, తేనెటీగలు చస్తాయి, పిందె కట్టేది వాటివల్లే కదా.

ఆ సంబరంలో లెన్సు గురించి అందరికీ కాస్త ఎక్కువే చెప్పాను. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే స్టెబిలైజేషన్ ఉంది, స్టాండుతో పని లేదన్నాను. మామూలు దూరంలో అది నాలుగు స్టాపుల దాకా ఆదుకుంటుంది, నిజమే (ఒక్కో స్టాపుకు షట్టరు రెండింతలసేపు తెరిచి ఉంచొచ్చు). పురుగంత దగ్గరికి పోతే రెండు స్టాపులే. లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు. పైగా ఊగేది నా చెయ్యి ఒక్కటే కాదు, గాలికి కాడ కూడా ఊగుతుంది. ఎండ ముదరకముందే, పొద్దున ఏడు గంటల లోపల తీసుకోవాలి, అదీ ఇంకొకరు కాడను రెండు వేళ్లతో పట్టుకుంటేనే. పోర్ట్రెయిట్లకూ పనికొస్తుంది కాబట్టి ఖాళీగా ఉండదని కూడా అన్నాను. మూడు నాలుగు మీటర్లు వెనక్కి జరిగే చోటుంటే ముఖాలు చాలా బాగా వస్తాయి. మా కల్యాణమండపాల రద్దీలో రెండు పెళ్లిళ్లకు పట్టుకుపోయి మానేశాను.

అసలు దెబ్బ 2021లో తగిలింది. ఆ నవంబరు వానలు తిరుపతిలో ఉన్నవాళ్లకు గుర్తే. వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కానీ గోడలు నెలరోజులు చెమ్మగానే ఉన్నాయి. లెన్సు బీరువాలో, బట్టల పక్కన, తోలు సంచిలో ఉంది. దానికి రబ్బరు సీళ్లున్నాయి, ఏమీ కాదనుకున్నాను. అవి చినుకునూ దుమ్మునూ ఆపుతాయి, గాలిలోని తేమను ఆపవు.

సంక్రాంతికి తోపుకు తీసుకుపోయాను. ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫొటో మీదా పాలు పోసినట్టు తెల్లటి పొర. ముందు గాజు తుడిచాను, ఫిల్టరు తీశాను, పోలేదు. చివరికి వెనకనుంచి ఫోను టార్చి వేసి చూస్తే, లోపలి గాజు అంచున చీమ తలంత చుక్క, దాన్నుంచి సాలెపోగుల్లా అన్ని వైపులకూ పాకిన తెల్లని వేర్లు. ఫంగస్! రెండు నెలలు దాన్ని ముట్టుకోకపోవడమే నేను చేసిన తప్పు. కెమెరాతో పాటు వచ్చిన, రోజూ వాడే కిట్ లెన్సు అదే ఇంట్లో ఉంది, దానికి మచ్చ కూడా లేదు.

చెన్నైలో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. విప్పి శుభ్రం చేయడానికి మూడు వారాలు, ఆరు వేలు. ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది పలుచని కోటింగును కొరికిన చోట చిన్న మచ్చ అలాగే ఉంది. మామూలు వెలుగులో ఫొటోకు తేడా తెలీదు, ఎండ ఎదురైతే ఒక మూల ఇప్పటికీ కాస్త పాలిపోతుంది. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు మూతకు రబ్బరు రింగున్న ప్లాస్టిక్ డబ్బాలో, నీలం రంగు సిలికా జెల్‌తో పాటు పెడుతున్నాను. గుళికలు గులాబీ రంగుకు తిరిగితే బాణలిలో వేడిచేసి మళ్లీ వేస్తాను. లోపల చిన్న తేమ మీటరు, ముల్లు 40, 50 మధ్య ఉండాలి. నెలకోసారి బయటికి తీసి, ఏమీ లేకపోతే కిటికీ మీది చీమలనైనా నాలుగు ఫొటోలు తీస్తాను. పోయినసారి శ్రీకాళహస్తి కలంకారీ దుప్పటా తీశాను. వెదురు కలంతో గీసిన నల్లగీత అంచు నూలుపోగుల్లోకి ఎలా పాకిందో కనబడితే, గీసిన చెయ్యి ఎక్కడ ఆగిందో కూడా తెలిసింది.

మీరు కొనాలా? తోపో, పొలమో, పురుగుల మీద తీరని ఆసక్తో ఉంటే కొనండి. మా నాయన తోపు లేకపోతే నేనూ ఈపాటికి అమ్మేసేవాణ్ణేమో. ఆసక్తి ఎంతో తెలీకపోతే ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే బోలు గొట్టాలు కొని, మీ దగ్గరున్న 50 ఎంఎం లెన్సు వెనక తగిలించి ఒక సీజను చూడండి. పురుగుకు మరీ దగ్గరికి పోవాలి, మన నీడ దానిమీద పడుతుంది, అది ఎగిరిపోతుంది. కానీ వాటిలో గాజే ఉండదు, ఫంగస్ భయం లేదు. లేదంటే వచ్చి నాది పట్టుకుపోండి, వారం ఉంచుకోండి. జనవరిలో మాత్రం ఇవ్వలేను.