భీమవరంలో జీర్ణకోశ వ్యాధుల క్లినిక్: వైద్యానికి ఒక మార్కు, ఏర్పాట్లకు ఇంకో మార్కు

డెల్టా పల్లెల్లో కడుపులో మంటకు సాధారణంగా అందే వైద్యం ఆర్.ఎం.పి. గారి దగ్గరో మందుల షాపులోనో అడిగి తెచ్చుకునే గ్యాస్ బిళ్ల. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే మా మావయ్య ఏళ్ల తరబడి దానితోనే నెట్టుకొచ్చి, ఒళ్లు తగ్గడం మొదలయ్యాక గానీ భీమవరంలోని ఈ క్లినిక్‌కు రావడానికి ఒప్పుకోలేదు.

డాక్టరుగారు ముందుగా ఆయన వాడుతున్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నారు. వేర్వేరు కంపెనీల పేర్లున్న రెండు అట్టలూ పాంటాప్రజోల్ అనే ఒకే గ్యాస్ బిళ్ల అని, మూడోది మోకాళ్ల నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్ అని తేలింది. ఈ రకం నొప్పి బిళ్లలు జీర్ణాశయపు లోపలి పొరను కాపాడే పదార్థాల తయారీని తగ్గిస్తాయని, వాటివల్ల పడిన పుండు ఒక్కోసారి నొప్పి తెలియకుండానే రక్తస్రావం దాకా వెళ్తుందని చెప్పారు. మలం తారులా నల్లగా వస్తోందా, మింగుతుంటే అడ్డుపడుతోందా, వాంతిలో రక్తం కనిపించిందా అని అడిగారు. ఐరన్ బిళ్లలకు కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతీ వాకబు చేశారు. "రాత్రి అన్నం ఎన్నింటికి తింటారండి?" అంటే, "మేత పని అయ్యేసరికి పదిన్నర దాటిపోద్దండి, తిన్న వెంటనే నడుం వాల్చేత్తానండి" అని మావయ్య అన్నారు. ఛాతీలోకి మంట ఎగదన్నడానికి సగం కారణం అక్కడే దొరికింది.

బరువు తగ్గుతున్నందున ఎండోస్కోపీ, అంటే నోటి ద్వారా గొట్టం దించి కడుపు లోపల చూసే పరీక్ష, వాయిదా వేయకూడదన్నారు. గొంతులో మత్తు స్ప్రే కొట్టి గొట్టం దించితే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. లోపలి నుంచి తీసిన చిన్న ముక్కను పసుపు రంగు జెల్ ఉన్న పరీక్ష బిళ్లలో పెట్టారు. కాసేపటికి అది గులాబీ రంగుకు తిరిగింది. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టించడం వల్ల ఈ రంగు వస్తుంది. గ్యాస్ బిళ్ల వాడుతున్నవారిలో రంగు మారకపోతే క్రిమి లేదని నమ్మడానికి వీల్లేదని, మారితే మాత్రం నమ్మవచ్చని ఆ పరీక్ష బిళ్లను మా చేతికిచ్చి చూపించి మరీ వివరించారు. బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆస్ట్రేలియాలో ఈ క్రిమిని 1982లో వెలికితీశారు, 2005లో నోబెల్ కూడా అందుకున్నారు. మన ఊళ్లలో మాత్రం పుండు నేరం ఇప్పటికీ ఆవకాయ మీదే ఉంది.

14 రోజుల పాటు రెండు యాంటీబయాటిక్‌లు, వాటితో పాటు ఆహారానికి అరగంట ముందు ఆమ్లం తగ్గించే బిళ్ల రాశారు. నోరు ఇనుము నాకినట్టు ఉంటుందని, అయినా మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుందని ముందే హెచ్చరించారు. డైక్లోఫెనాక్ మాన్పించారు. తలగడలు పేర్చుకుంటే లాభం లేదని, మంచం తల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమని, పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించమని చెప్పారు. చెరువు మీదకు క్యారేజీ పంపడం మొదలుపెట్టాక ఆ చివరి మాట కూడా సాధ్యమైంది. యాంటీబయాటిక్‌లు ముగిసిన నాలుగు వారాలకు, అంతకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ బిళ్ల కూడా ఆపి, మల పరీక్ష చేయిస్తే క్రిమి లేదని వచ్చింది.

వైద్యం ఇంత శ్రద్ధగా చేసే చోట ఏర్పాట్లు ఇంత అధ్వానంగా ఉండడం మింగుడుపడదు. ఎండోస్కోపీకి పరగడుపున రమ్మన్న వారందరికీ ఒకే సమయం ఇస్తారు. నరసాపురం, మొగల్తూరు నుంచి తెల్లవారుజామునే బయలుదేరిన వారు మధ్యాహ్నం దాకా ఎండు కడుపుతో కూర్చున్నారు, వారిలో షుగరు ఉన్న పెద్దవారూ ఉన్నారు. విరేచనాలతో వచ్చేవారే ఎక్కువైన చోట మరుగుదొడ్డి ఒక్కటే. చేతికిచ్చే పథ్యం కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, అందులో ఓట్సు, బ్రౌన్ బ్రెడ్డు, ఆలివ్ నూనె రాసి ఉన్నాయి. చేపల పులుసు తినవచ్చా అన్న ప్రశ్నకు దానిలో జవాబు లేదు. డాక్టరుగారిని అడిగితే, పడినంతవరకు తినవచ్చని, మంట పుట్టించేది ఏదో గమనించి దాన్ని మాత్రమే తగ్గించుకోమని నోటితో చెప్పారు.

డాక్టరుకు అయిదుకు అయిదు, క్లినిక్‌కు రెండు ఇస్తాను. దీర్ఘకాలంగా గ్యాస్ బిళ్లల మీద బతుకుతున్నవారికి నిస్సంకోచంగా చెప్పదగిన చోటు. వెళ్లేవారు ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ, నొప్పి బిళ్లలతో సహా, వెంట తీసుకువెళ్లాలి. షుగరు ఉన్నవారు ఆ విషయం ముందు రోజే ఫోనులో చెప్పి, పొద్దుటి మొదటి టోకెన్లలో ఒకటి అడిగి తీసుకోవాలి.