ల్యాంబ్ ఏడు సంపుటాల తోలు సెట్టు కొంటున్నారా? ముందు నాలుగోది తెరిపించి చూడండి

ఇంగ్లీషు వ్యాసకర్త చార్లెస్ ల్యాంబ్ సమగ్ర రచనలు, నిండు దూడతోలు బైండింగు, ఏడు సంపుటాలూ పూర్తి అని ఇంగ్లండ్ నుంచి ఎవరైనా అమ్మకానికి పెడితే డబ్బు కట్టకుండా ఆగండి. నాకు అలా అమ్మిన వ్యాపారి పేరు రాయడం లేదు. ఆయన పెట్టే ఫోటోలు ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఇట్టే గుర్తుపడతారు. ఏడు వెన్నులు వరసగా, బంగారు అక్షరాలు మెరిసిపోతూ కనిపిస్తాయి. ఒక్క అట్ట కూడా తెరిచి ఉండదు.

ఇది ఇ.వి. లూకస్ సంపాదకత్వంలో మెథ్యూన్ సంస్థ 1903–05 మధ్య వేసిన ముద్రణ. మొదటిది రకరకాల వచనం, రెండోది ఎలియా అన్న కలంపేరుతో రాసిన వ్యాసాలు, మూడోది పిల్లల పుస్తకాలు, నాలుగోది పాత ఇంగ్లీషు నాటకాల నుంచి ల్యాంబ్ ఏరి కూర్చిన భాగాలు, అయిదోది కవితలు, నాటకాలు. ఆరూ ఏడూ ఉత్తరాలు. ఇదే సంస్థ 1912లో మళ్ళీ ఆరు సంపుటాలుగా వేసింది. అందులో ఆ నాటక భాగాల సంపుటం తీసేశారు, దాంతో కవితల సంపుటం అయిదు నుంచి నాలుగుకు జరిగింది. మోసమంతా ఈ ఒక్క అంకె మార్పు మీదే నడిచింది.

నాకు వచ్చిన సెట్టులో నాలుగో సంపుటం 1912 ముద్రణది. అంటే నాలుగులో కవితలు, నాటకాలు ఉన్నాయి, అయిదులోనూ అవే ఉన్నాయి. నాటక భాగాలు మొత్తానికే లేవు. వెన్ను మీద నాలుగు అని ఉంది, టైటిల్ పేజీ మీదా నాలుగే ఉంది, అందుకే పైపైన చూస్తే పట్టుబడదు. టైటిల్ పేజీ అడుగున సంవత్సరం చూస్తే మాత్రం క్షణంలో తేలిపోతుంది. పాత పుస్తకాలే జీవనంగా పెట్టుకున్న మనిషి అది చూడలేదంటే నమ్మను.

దీని గురించి రాస్తే ఆయన ఇచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. "అల్మరాలో పెడితే ఏడూ ఒకేలా ఉన్నాయి కదా. అయినా నాలుగో సంపుటం ఎవరు చదువుతారు?" అంతే. పొరపాటైందని లేదు, వెనక్కి పంపమనీ లేదు. పుస్తకం కొనేవాడు చదవడని ముందే తీర్మానించేసుకుని, ఆ తీర్మానానికి ధర కట్టి అమ్ముతున్నాడు. మర్నాటికల్లా అమ్మకం పేజీలో "పూర్తి" అన్న మాట మాయమైంది. తప్పు తెలియనివాడికి ఆ మాట తీసేయాల్సిన పనేమిటి?

ఎవరు చదువుతారని అడిగాడు కాబట్టి చెప్పాలి. 1808లో ల్యాంబ్ వేసిన ఆ నాటక భాగాల సంకలనమే వెబ్‌స్టర్ లాంటి నాటకకర్తలను మళ్ళీ పాఠకుల ముందుకు తెచ్చింది. ఈస్టిండియా కంపెనీ లెక్కల విభాగంలో 1792 నుంచి 1825 దాకా గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి దొరికాక బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని నటుడు గ్యారిక్ సేకరించిన పాత నాటకాలను చదివి రాసుకున్న భాగాలు కూడా ఆ సంపుటంలోనే ఉంటాయి. అది లేని సెట్టు పూర్తి సెట్టు కాదు.

ఇక తోలు సంగతి. ఈ ముద్రణ బజారులోకి వచ్చింది గుడ్డ బైండింగుతో. తోలు అట్టలు కొన్నవాళ్ళు తర్వాత కట్టించుకున్నవి. కాబట్టి "ప్రచురణకర్త వేసిన అసలు తోలు" అని రాస్తే అక్కడే అనుమానించాలి. రివియేర్, జేన్స్‌డార్ఫ్ లాంటి లండన్ బైండర్ల పేరు వాడుకుంటే, ముందు అట్ట లోపల తోలు మడత కిందిభాగంలో సన్నటి అక్షరాల ముద్ర కోసం చూడాలి. ముద్ర లేకపోతే ఆ పేరుకు డబ్బు కట్టకండి.

ఆ కాలపు దూడతోలుకు పట్టే జబ్బు రెడ్ రాట్. చెట్ల బెరడు కషాయంతో పదును చేసిన తోలు బొగ్గు పొగ, గ్యాసు దీపాల గాలిలోని గంధకాన్ని పీల్చుకుంటుంది, అది లోపల ఆమ్లంగా మారి తోలును ఎర్రటి పొడి చేస్తుంది. ఈ బెడద వల్లే లండన్‌లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1900లో ప్రత్యేకంగా ఒక సంఘం వేసింది. వెలుగు తగిలే వెన్ను, వెన్నుకూ అట్టకూ మధ్య ఊరికే ముడుచుకునే కీళ్ళు ముందు పోతాయి. ఈ వ్యాపారి దాని మీద ముదురు రంగు మైనం రుద్ది నున్నగా చేశాడు. తెల్లటి నూలుగుడ్డతో కీలు దగ్గర మెల్లగా ఒత్తితే మామూలుగా ఎర్ర పొడి అంటాలి, ఇక్కడ జిడ్డు మరక అంటింది. వెన్ను పైకొన దగ్గర, మైనం చేరని చోట మాత్రం పొడి రాలుతూనే ఉంది.

జిడ్డు పట్టించడం వల్ల ఆమ్లం ఆగదు. పైగా తర్వాత వేసే మందు తోలులోకి ఇంకదు, మన కోస్తా జిల్లాల తేమలో అయితే బూజు కూడా పడుతుంది. తడిగుడ్డ అసలు తగిలించకండి, రెడ్ రాట్ పట్టిన తోలు నీళ్ళు తగిలితే నల్లబడి గట్టిపడిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. జిడ్డు లేని తోలైతే క్లూసెల్-జి అనే పొడిని ఆల్కహాల్లో పల్చగా కలిపి, మెత్తటి బ్రష్షుతో ఒక మూల వేసి చూసి, రంగు మారకపోతేనే మిగతా చోట పూయాలి. దాంతో పొడి రాలడం ఆగుతుంది, పోయిన బలం మాత్రం తిరిగి రాదు.

కొనేముందు ప్రతి సంపుటానికీ టైటిల్ పేజీ ముందూ వెనకా, అట్ట నిలువుగా తెరిచినప్పుడు కీలు, వెన్ను రెండు కొనలు ఫోటోలు అడగండి. తెరిచి చూపించనంటే వదిలేయండి.

బ్రిటన్‌లో ఉంటూ అక్కడి వ్యాపారి దగ్గర కొన్న మనవాళ్ళకు ఒక మాట. ఆన్‌లైన్లో కొంటే చేతికందిన 14 రోజుల్లో కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. వివరణకు సరిపోని సరుకైతే 2015 వినియోగదారుల చట్టం కింద 30 రోజుల్లో తిప్పి పంపి పూర్తి సొమ్ము అడగొచ్చు, పాత వస్తువైనా సరే. ధర 100 పౌండ్లు దాటి క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకును కూడా అడగండి. అమ్మకం పేజీని మాత్రం డబ్బు కట్టేరోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత మాటలు మారిపోతున్నాయి.