పిల్లాడికి కౌన్సెలింగా, ఇంటిల్లిపాదికీ థెరపీనా?

పిల్లాడు బడికి వెళ్లనని మొండికేస్తున్నాడు. ఎవరిని తీసుకెళ్లాలి?

శ్రమ: విడిగా అయితే వాడొక్కడు చాలు. ఫ్యామిలీ థెరపీకి నాన్న కూడా సెలవు పెట్టాలి; చాలా ఇళ్లలో అసలు చిక్కు ఇదే.

పద్ధతి: విడిగా అయితే వాడి భయాల గురించి మాట్లాడతారు. 1960లలో అమెరికాలో సాల్వడార్ మినూచిన్ అనే మానసిక వైద్యుడు రూపుదిద్దిన స్ట్రక్చరల్ ఫ్యామిలీ థెరపీలో ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరి హద్దు ఎక్కడ అని చూస్తారు. "ఎందుకు వెళ్లట్లేదు నాన్నా?" అని వాణ్ని అడిగితే అమ్మే జవాబు చెప్పేస్తుంది. థెరపిస్టు ఆమె కుర్చీని భర్త పక్కకు జరిపిస్తారు. ఇక వాడి మాట వాడే చెప్పుకోవాలి. ఆ కుర్చీ జరపడం కూడా చికిత్సే.

రిస్క్: విడిగా అయితే లోపమంతా వీడిదేనన్న ముద్ర. అందరూ కూర్చుంటే పాత గొడవలు బయటపడతాయి.

బడిలో ఎవరైనా ఏడిపిస్తుంటే, లేదా ఇంట్లోనే కొట్టడం, బెదిరించడం ఉంటే ముందు విడిగా. అమ్మానాన్నల మధ్య వాడు నలుగుతుంటే మాత్రం అందరూ వెళ్లండి.