18 నెలలుగా వాడుతున్న వైబ్రేషన్ గ్లవ్స్ గురించి

బీరువాని చెరోపక్క పట్టుకుని మేడ మెట్లు దింపినవాళ్ళకి తెలుసు. అవతలివాడు పట్టు సడలిస్తే నోటితో చెప్పక్కర్లేదు, బరువే చెబుతుంది. వీఆర్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్ళముందు కనబడే త్రీడీ లోకంలో, ఆ బరువు ఉండదు. మాకు గొడవంతా అక్కడే.

నేను హైదరాబాద్‌లో పైపింగ్ డిజైన్ చేస్తాను. మా సైటు ఇన్‌ఛార్జి గారు విశాఖలో ఉంటారు. ఇద్దరం హెడ్‌సెట్లు పెట్టుకుని ఒకే త్రీడీ మోడల్లోకి వెళ్ళి, పైపు ముక్కని చెరో కొస పట్టుకుని, పంపు పక్కన పడుతుందో లేదో చూస్తాం. గ్లవ్స్ రాకముందు సగం పని అరుపులే.

"పట్టుకున్నారా?"
"ఆ, పట్టుకున్నా."
"మరి కదలదేం?"
"మీరే వదిలేశారండీ!"

ఈ గ్లవ్స్‌లో వేలికొకటి చొప్పున చిన్న మోటార్లు ఉంటాయి. మా ఆఫీసు కుర్రాళ్ళు రాసిన ప్రోగ్రాం ప్రకారం, ఆయన పైపు పట్టుకోగానే నా వేళ్ళకి ఒకసారి టక్‌మంటుంది, వదిలితే రెండుసార్లు. పైపు దేనికైనా తగిలితే ఇద్దరికీ జివ్వుమంటుంది. ఓసారి సపోర్టు వెనక ఉన్న కేబుల్ ట్రేకి (వైర్లు పరిచే రేకు) మా పైపు ఫ్లాంజి (కొసనుండే బోల్టుల చక్రం) రాసుకుంది. నాకు అటువైపు కనబడదు, ఆయన చూపు ఇంకెక్కడో ఉంది. అయినా ఇద్దరం ఒకేసారి ఆగాం. ఎవరూ ఏమీ అనలేదు.

దీంతో కబురు అందుతుంది గానీ బరువు తెలియదు. చెయ్యి గోడలోంచి హాయిగా దూరిపోతుంది. చేతిని ఎదురునెట్టే యంత్రాలు వేరే ఉన్నాయి. 2002లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు వాటితో సముద్రానికి చెరో ఒడ్డునుంచి కంప్యూటర్‌లోని ఒకే డబ్బాని ఎత్తారు. వాటిలో బలాన్ని సెకనుకి దాదాపు 1000 సార్లు లెక్కగట్టాలి, నెట్ కాస్త ఆలస్యమైతే చెయ్యి ఊగిపోతుంది. మావాటికి అంత బాధ లేదు. కాకపోతే సాయంత్రం నెట్ నెమ్మదిస్తే టక్ ఆలస్యంగా వస్తుంది, అది అసలు రాకపోవడం కంటే దండగ. ఆపేసి మళ్ళీ అరుచుకుంటాం.

చేతి మీద చెయ్యి వస్తే, చేతుల్ని కనిపెట్టే కెమెరాలకి వేళ్ళు కనబడవు, పైపు జారిపోతుంది. ఎండాకాలం చెమటకి లోపల పల్చటి నూలు గ్లవ్స్ వేసుకుంటున్నా. కుడి బొటనవేలి మోటారు ఏడాదికే పోయింది, మిగతా నాలుగింటితో పని నడుస్తోంది.

కొంటే రెండు జతలూ ఒకేసారి కొనండి. మేం మొదట నాకొక్కడికే కొన్నాం. ఆయన వదిలితే నాకు తెలిసేది, నేను వదిలితే ఆయనకి తెలిసేది కాదు. ఆ రెండు నెలలూ తిట్లన్నీ నాకే.