ఏడు వేల పౌండ్లు లాగుతుందన్న ఒక్క మాట మీద ట్రైలర్ కొనేయకండి

మీ దగ్గర మిడ్‌సైజ్ పికప్ ట్రక్కు ఉందా? దాని వెనక తగిలించి లాక్కెళ్ళడానికి ట్రావెల్ ట్రైలర్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, కోసం చూస్తున్నారా? అయితే డీలర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక పని చేయండి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది. దాన్ని ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. ట్రైలర్ కొన్న నాలుగు నెలలకు గానీ నేను దాన్ని చదవలేదు. అదీ వయోమింగ్‌లో హైవే దిగి, బండి పక్కకి ఆపి, చేతులు ఇంకా వణుకుతుండగా చదివాను.

మా ట్రక్కు టోయింగ్ కెపాసిటీ, అంటే అది లాగగలిగే బరువు, 7,000 పౌండ్లు. మాకు నచ్చిన ట్రైలర్ 24 అడుగులది, బ్రోషర్‌లో దాని డ్రై వెయిట్ (ఖాళీ బరువు) 4,580. సేల్స్‌మన్ ఈ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, తీసివేసి, ఇంకా రెండు వేల చిల్లర మిగిలింది కదా, మీరు దేనికీ టెన్షన్ పడక్కర్లేదన్నాడు. మా ఇంట్లో ఎంతమంది, ట్రక్కు వెనక తొట్టిలో (బెడ్‌లో) ఏం పెడతారు, పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగలిగే బరువు) ఎంత అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేనూ అడగలేదనుకోండి. ఆయన చెప్పిన అంకెల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే మనవాళ్ళు ఇంత సులువుగా పడిపోతారు.

జూన్‌లో పిల్లల్ని తీసుకుని ఎల్లోస్టోన్ బయల్దేరాం. ఐ-80 హైవే మీద లారమీ ఊరు దాటాక ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి ఎలా ఉంటుందో అటు వెళ్ళినవాళ్ళకి తెలుసు. పెద్ద పెద్ద ట్రక్కులే పడిపోతాయని అక్కడ గాలి ఎక్కువైన రోజుల్లో ఖాళీ ట్రైలర్లను ఆపేస్తారు. ఆ రోజు అంత గాలి కూడా లేదు. నేను 70 మైళ్ళ స్పీడులో ఉన్నాను. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. చాలా ట్రైలర్ టైర్లకి 65 మైళ్ళే హద్దు. ఎడమ పక్క నుంచి ఒక సెమీ, అంటే పెద్ద సరుకుల ట్రక్కు, దాటింది. అది దాటుతున్నప్పుడు ట్రైలర్ దానివైపు లాగింది, దాటగానే వెనక్కి విసిరింది. అక్కడితో ఆగలేదు. ఒక ఊపు, దాని మీద ఇంకాస్త పెద్ద ఊపు. అద్దంలో ఓసారి ట్రైలర్ కుడి గోడ కనిపిస్తోంది, ఓసారి ఎడమ గోడ కనిపిస్తోంది. స్టీరింగ్ నా చేతిలో ఉందే గానీ బండి నా మాట వినట్లేదు.

చేయకూడని పని ముందు చేశాను, బ్రేక్ తొక్కాను. ఊపు ఇంకా ఎక్కువైంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీద ఉండే చిన్న మీటను చేత్తో నొక్కాలి. అప్పుడు ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి, అది వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. ఆ మీట ఎక్కడుందో నా చేతికి గుర్తుంది కాబట్టి బతికిపోయాం. బండి ఆగాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత మా చిన్నది "నాన్నా, మళ్ళీ అలా చేయకు" అంది. నేను కావాలనే చేశాననుకుంది పాపం.

తర్వాత వచ్చిన ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కించాను. ఇది పెద్ద ట్రక్కులు తూచుకునే కాటా. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేటికవి విడిగా తూచి చీటీ ఇస్తుంది. ఒకసారి తగిలించి, ఒకసారి హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే కొక్కెం) బార్లు విప్పి, ఒకసారి ట్రైలర్ వదిలేసి, మొత్తం మూడుసార్లు తూచాను. బ్రోషర్‌లో 4,580 ఉన్న ట్రైలర్ నిజంగా 5,540 పౌండ్లు తూగింది.

ఆ వెయ్యి పౌండ్లూ ఎక్కడివంటే, డ్రై వెయిట్ అంటే ఇంకా ఏమీ నింపని ట్రైలర్ బరువు. నీళ్ళు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. మా 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250. ప్రొపేన్ సిలిండర్లు రెండింట్లో గ్యాస్ 40. బ్యాటరీ 50. డీలర్ దగ్గర బిగించిన ఆప్షన్లు 200 పైన. మిగతాది గిన్నెలు, దుప్పట్లు, కుర్చీలు, పిల్లల సామాను. బయల్దేరే ముందు మా ఆవిడ ఇంత సామాను దేనికంటే నేనే "ట్రైలరే కదా, పెట్టేయ్" అన్నాను.

అయినా 5,540 అన్నది 7,000 కన్నా తక్కువే. లాగే లెక్కలో మేం ఎక్కడా దాటలేదు. దాటింది మోసే లెక్కలో. ఎద్దుల బండి తోలినవాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. బరువు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందుకి ఎక్కువైతే ఎద్దుల మెడలు విరుగుతాయి. ట్రైలర్‌కీ అంతే. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 10 కన్నా తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. ఎక్కువైతే ట్రక్కు వెనక కూలబడి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టు పోతుంది. మాది 690 పౌండ్లు, అంటే పన్నెండున్నర శాతం. శాతం బాగానే ఉంది, కానీ ఆ 690 మొత్తాన్నీ మోయాల్సింది ట్రక్కే.

మా స్టిక్కర్ మీద ఉన్నది 1,190. అందులో మేం నలుగురం 475. బరువును ముందూ వెనకా పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బరువే 90, దాన్ని లెక్కలో వేసేవాళ్ళు తక్కువ. బెడ్‌లో జెనరేటర్, సైకిళ్ళు, కట్టెలు 160. ఇక్కడికే 725 అయింది. దానికి 690 కలిపితే 1,415. అంటే 225 పౌండ్లు ఎక్కువ. హిచ్ బార్లు కొంత బరువును ట్రైలర్ చక్రాల మీదకి నెడతాయి, నిజమే. అలా నెట్టాక కూడా కాటా మీద మా ట్రక్కు దాని హద్దు కన్నా 120 పైనే ఉంది.

ఇదే లెక్క తిరగేసి చూడండి. 1,190లో 725 పోతే హిచ్‌కి మిగిలేది 465. అది 13 శాతం అనుకుంటే నేను తీసుకెళ్ళగలిగే ట్రైలర్ సుమారు 3,600 పౌండ్లు. డ్రై వెయిట్ కాదు, నీళ్ళూ సామానూ అన్నీ నింపాక. బ్రోషర్‌లో ఉన్న 7,000లో సగం.

మరి ఆ 7,000 ఎక్కడిదంటే, కంపెనీలు ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం తేల్చే అంకె అది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై 11 మైళ్ళ పొడవునా ఎత్తుకి ఎక్కే రోడ్డు మీద, ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి లాగిస్తారు. పరీక్ష గట్టిదే. కానీ ట్రక్కులో ఇద్దరే ఉంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్లన్న లెక్క. పిల్లలుండరు, సైకిళ్ళుండవు. నేనొక్కడినే 180 ఉంటాను.

ఇంకొకటి, గాలి. ట్రావెల్ ట్రైలర్ ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగులు దాటిన ఎత్తు ఉన్న గోడ. అదే బరువున్న పడవను లాగడానికీ దీనికీ పోలికే లేదు. ట్రైలర్ ముందు భాగం ఎన్ని చదరపు అడుగులు దాటకూడదో కొన్ని ట్రక్కుల మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది, వెతికి చూడండి. పైగా మా ట్రక్కు ఖాళీగా 4,450. ముందున్న బండి కన్నా వెనకున్నది వెయ్యి పౌండ్లు ఎక్కువ. ఏది ఎవర్ని తోలుతుందో మీరే చెప్పండి.

తెలిసినవాళ్ళు ట్రక్కు వెనక స్ప్రింగుల దగ్గర గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించుకోమన్నారు. అవి కూలబడిన వెనక భాగాన్ని పైకి లేపుతాయి, చూడ్డానికి బాగుంటుంది, అంతే. స్టిక్కర్ మీద అంకె మారదు. ఊపును తగ్గించే స్వే కంట్రోల్ బార్లు మంచివే, మాకూ ఉన్నాయి. ఉన్నా ఏం జరిగిందో పైన చెప్పాను.

మిడ్‌సైజ్ ట్రక్కుతో ట్రైలర్ వద్దని అనట్లేదు. ఇద్దరే వెళ్ళేవాళ్ళకి, ఒక ఇరుసున్న చిన్న ట్రైలర్‌కో, మడిచే పాప్-అప్‌కో హాయిగా సరిపోతుంది. నలుగురున్న ఇంటికి, 24 అడుగుల దానికి సరిపోదు. కొనేటప్పుడు డ్రై వెయిట్ చూడకండి, జీవీడబ్ల్యూఆర్ (అన్నీ నింపాక ట్రైలర్ దాటకూడని మొత్తం బరువు) చూడండి. దాంట్లో 13 శాతం ఎంతో లెక్కవేసి, మీ స్టిక్కర్ అంకెలో మనుషులు, హిచ్, సామాను పోగా మిగిలిన దాని పక్కన పెట్టండి. సేల్స్‌మన్ ముందే చేయండి, సిగ్గుపడక్కర్లేదు.

తిరిగొచ్చాక డీలర్ దగ్గరికి చీటీ పట్టుకెళ్ళాను. టోయింగ్ కెపాసిటీ దాటలేదుగా అన్నారు. సంతకం పెట్టిన కాగితాల్లో, సరిపోయే వాహనం చూసుకునే బాధ్యత కొన్నవారిదేనని చిన్న అక్షరాల్లో ఉంది. చూపించారు కూడా.

ట్రైలర్ అమ్మకానికి పెట్టాం. పోయిన శనివారం ఒకాయన భార్యాపిల్లలతో చూడ్డానికి వచ్చాడు. నచ్చింది, అడిగిన రేటుకి ఒప్పుకున్నాడు కూడా. అంతా అయ్యాక తగిలించుకుందామని బండి రివర్స్ చేశాడు. చూస్తే అదీ మిడ్‌సైజ్ ట్రక్కే. మా ఆవిడ నా వైపు చూసింది. నేను లోపలికెళ్ళి కాటా చీటీలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మీ తలుపు ఒకసారి తెరవండి అన్నాను. ఆయన స్టిక్కర్ చదివి, వెనక సీట్లో పిల్లల వైపు చూసి, ఫోన్‌లో ఏదో లెక్క వేసుకున్నాడు. ట్రైలర్ ఇంకా మా ఇంటి ముందే ఉంది.