ట్రైకోడెర్మానా, మైకోరైజానా, పొలంలో ఉన్నవేనా: నేల శిలీంధ్రాల్లో ఏది మేలు?

తొలకరి ముందు విత్తనాల దుకాణానికి వెళ్తే బల్ల మీద రెండు ప్యాకెట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ట్రైకోడెర్మా, ఇంకోటి మైకోరైజా. మన పాతవాళ్లు దీన్నే వామ్ అనేవారు. రెండూ శిలీంధ్రాలే, రెండూ పొడిగానే దొరుకుతాయి, రెండింటి మీదా వేరు బొమ్మ ఉంటుంది. ఏది తీసుకోమంటావని అడిగితే దుకాణంలో కుర్రాడు "రెండూ వేసేయండన్నా, పోయేదేముంది" అంటాడు. పోయేది మన డబ్బే కాబట్టి కాస్త కూర్చుని లెక్క చూద్దాం. ఈ లెక్కలోకి మూడోదాన్ని కూడా తేవాలి. అది బల్ల మీద ఉండదు, ఎవరూ అమ్మరు. మన చేలో ఇప్పటికే బతుకుతున్న శిలీంధ్రాల గుంపు అది.

ముందు ఒక మాట. ట్రైకోడెర్మా తెగులును తినేది. మైకోరైజా వేరుకు తిండి తెచ్చేది. రెండూ ఒకే పని చేయవు కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి వాడటం కుదరదు. చట్టం కూడా వీటిని వేరుగానే చూస్తుంది. ట్రైకోడెర్మా పురుగుమందుల చట్టం కిందికి వస్తే, మైకోరైజా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది.

ట్రైకోడెర్మా సంగతి తేలిక. అది వేరే శిలీంధ్రపు పోగును (దారం లాంటి దాని ఒంటిని) చుట్టుకుని, దాని గోడను కరిగించి తినేస్తుందని 1932లోనే వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కందిలో ఎండు తెగులు, వేరుశనగలో మొదలు కుళ్ళు వచ్చే చేలలో దీనికి పని ఉంది. కిలో విత్తనానికి 8 నుంచి 10 గ్రాములు పట్టించవచ్చు. నేలలో వేయాలంటే 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా నీడలో ఓ పది రోజులు ఉంచాలి. తెల్లగా మొదలై ఆకుపచ్చగా తిరిగిన బూజు కనిపిస్తే అది బతికిందని అర్థం. ఇలా పని చేస్తోందో లేదో కంటికి కనబడే జీవన మందులు చాలా తక్కువ, నాకు ఇది నచ్చడానికి సగం కారణం అదే. పొడి దుక్కిలో చల్లితే మాత్రం దండగ. కార్బెండజిమ్ పట్టించిన విత్తనానికే దీన్నీ పట్టించడం ఇంకా దండగ, ఆ మందు చంపేది శిలీంధ్రాలనే కదా. ప్యాకెట్ మీద గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉన్నట్టు రాసుందా, గడువు ఎంతవరకు, ఎండ తగిలే చోట పెట్టారా అన్నవి చూసుకుంటే చాలు.

మైకోరైజా అంత తేలికగా తేలదు.

దాని పని తెలియాలంటే భాస్వరం సంగతి తెలియాలి. యూరియా నీటితో పాటు కదులుతుంది, భాస్వరం కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక, పక్కనే బస్తాలకొద్దీ ఉన్నా దానికి అందదు. మైకోరైజా పోగులు వేరు లోపలి నుంచి బయలుదేరి మట్టిలోకి కొన్ని సెంటీమీటర్ల దూరం పాకుతాయి. వేరు మీది నూగు కంటే సన్నగా ఉంటాయి కాబట్టి అది దూరలేని సందుల్లోకి దూరి భాస్వరం, జింకు తెచ్చి ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం కొత్తదేం కాదు. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఇలాంటి శిలీంధ్రాలు ఉన్నాయి. జొన్న, మొక్కజొన్న, కంది, పత్తి, మిరప, ఉల్లి అన్నీ ఈ బేరంలో ఉన్నవే.

ఇక చిక్కులు. ట్రైకోడెర్మాను జొన్న గింజల మీద కూడా పెంచొచ్చు. మైకోరైజా మాత్రం బతికున్న వేరు లేకుండా పెరగదు. అందుకే తయారీ కష్టం, నాణ్యత తేల్చడం మరీ కష్టం. అది వేరులోకి దిగిందో లేదో చూడాలంటే వేరుకు రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. మామూలు కంటికి ఏమీ తెలియదు. ఓ ఏడాది నేను పత్తిలో సగం చేనుకు వేసి, సగం వదిలేసి చూశాను. రెండు సగాలకూ తేడా నాకైతే తెలియలేదు, జేబుకు మాత్రం తెలిసింది.

నా ఒక్క చేను చూసి తీర్పు చెప్పడం తప్పు. స్విట్జర్లాండ్‌లో 54 మొక్కజొన్న పొలాల్లో ఇదే పరీక్ష చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. శిలీంధ్రం ఒకటే, పంట ఒకటే. అయినా ఒక పొలంలో మొక్కల పెరుగుదల 40 శాతం పెరిగితే, మరోచోట 12 శాతం తగ్గింది. గట్టిగా లాభం కనిపించింది సుమారు నాలుగో వంతు పొలాల్లోనే. ఎక్కడ పని చేస్తుందో ముందే చెప్పడానికి నేలలోని పోషకాల లెక్క పెద్దగా పనికి రాలేదు, అక్కడ ముందే ఉన్న శిలీంధ్రాలను చూస్తే చాలావరకు తెలిసింది. తెగులు శిలీంధ్రాలు ఎక్కువగా ఉన్న పొలాల్లోనే ప్యాకెట్ బాగా పని చేసింది. అంటే ప్యాకెట్‌లో ఏముందన్నది ఎంత ముఖ్యమో, చేలో ఎవరున్నారన్నదీ అంతే ముఖ్యం.

అందుకే మూడోదాని వైపు, అంటే చేలో ముందే ఉన్న శిలీంధ్రాల గుంపు వైపు నా మొగ్గు. కాకపోతే అన్ని పొలాల్లోనూ ఆ గుంపు నిండుగా ఉండదు. ఇంగ్లండ్‌లో అడవినీ, పక్కనున్న సాగు భూములనూ పోల్చి 1998లో చూస్తే, అడవి వేళ్లలో రకరకాల మైకోరైజాలు ఉన్నాయి, దున్నిన చేలలో దాదాపు అంతా ఒకే రకం. దుక్కి ఆ పోగులను తెంపుతుంది. భాస్వరం ఎక్కువైతే మొక్కే వాటికి తిండి పెట్టడం తగ్గిస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. అది ఏటా అలవాటుగా పడే చేలో మైకోరైజా ప్యాకెట్ కూడా వేయడమంటే కూలీని పిలిచి, పని లేదని గుమ్మంలో కూర్చోబెట్టడమే.

చేను ఖాళీగా ఉంచినా అవి చస్తాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ నల్లరేగడి భూముల్లో ఎక్కువ కాలం బీడు పెట్టాక వేసిన పంటలు భాస్వరం, జింకు అందక గిడసబారేవి. తినిపించే వేరు లేక ఈ శిలీంధ్రాలు తగ్గిపోవడమే కారణమని 1980ల్లో తేలింది. వేసవంతా నెర్రెలిచ్చి పడి ఉండే మన నల్లరేగళ్లను చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచమని ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో చెప్పేది ఈ లెక్కన సబబే.

జొన్నలో కంది సాళ్లు వేసే పాత పద్ధతిదీ ఇదే దారి. వరసగా కందే వేస్తే ఎండు తెగులు శిలీంధ్రం నేలలో పేరుకుంటుంది. మధ్యలో జొన్న ఉంటే తెగులు తగ్గుతుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాల్లో చూశారు. పైగా జొన్న వేళ్లు మైకోరైజాను పోషిస్తాయి. తెగులు తగ్గింపు, తిండి చేరవేత రెండూ ప్యాకెట్ లేకుండానే జరుగుతాయి.

ఇలా నేలలోని శిలీంధ్రాలనే నమ్ముకుని ఎరువులు తగ్గిస్తే నష్టం లేదని అనను. స్విట్జర్లాండ్‌లోనే 1978 నుంచి సేంద్రియ, రసాయన మడులను పక్కపక్కన సాగు చేస్తున్నారు. 21 ఏళ్ల లెక్కలో సేంద్రియ మడుల్లో మైకోరైజా పట్టిన వేరు పొడవు 40 శాతం ఎక్కువ, ఎరువుల వాడకం 34 నుంచి 53 శాతం తక్కువ, దిగుబడి మాత్రం 20 శాతం తక్కువ. ఆ 20 శాతం తట్టుకోగలమా అన్నది ఎవరి అప్పుల లెక్క వాళ్లు చూసుకోవాలి. నేనైతే డీఏపీ పూర్తిగా మానను, మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చిన చేలో మాత్రం తగ్గిస్తాను.

ఇక ఏ చేలో ఏది? కంది, వేరుశనగల్లో ఎండు తెగులో కుళ్ళో ఏటా కనిపిస్తుంటే ట్రైకోడెర్మా, అనుమానం లేదు. మైకోరైజాకు డబ్బు పెట్టాలంటే నారుమడిలోనో, ట్రేలలోనో పెట్టాలి. అక్కడ పోసే కొబ్బరిపొట్టులో సహజ మైకోరైజా ఉండదు, పొడి తక్కువ పడుతుంది, లేత వేరుకు నేరుగా తగులుతుంది. మిరప, టమాటా నారుకు నేను వేసేది అలాగే. నీళ్లు నిలిచిన వరి తరవాత మొక్కజొన్న వేసేవాళ్ల సంగతి వేరు. నీట మునిగిన నేలలో ఈ శిలీంధ్రాలు బాగా తగ్గుతాయి. 1993లో అమెరికాలో మిసిసిపీ వరదలు తీసిన పొలాల్లో మరుసటి ఏడు మొక్కజొన్న భాస్వరం అందక ఊదారంగుకు తిరిగింది. అలాంటి చోట మొదట్లో భాస్వరం వేయడమే నయం. మామూలు మెట్ట చేలో జొన్న, కంది, పెసర మార్చి మార్చి వేస్తూ ఉంటే రెండు ప్యాకెట్లూ కొనక్కర్లేదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవ, ముల్లంగి, బీట్‌రూట్, పాలకూర వేసేవాళ్లు మాత్రం మైకోరైజా వైపు చూడనే వద్దు. ఈ మొక్కలు ఆ శిలీంధ్రాన్ని వేరులోకి రానివ్వవు. పోయినసారి క్యాబేజీ నారుకు కూడా అదే ప్యాకెట్ చేతిలో పెట్టబోయాడు దుకాణం కుర్రాడు. వద్దని చెప్పి, మిరప నారు వరకే తీసుకున్నాను.